అప్పు లేనోళ్లు చెయ్యి లేపుండ్రి

ముసఫ్ఫా, అబుధాబి
12 ఏప్రిల్ 2024

ఆశన్న మామకు ప్రమోద్ దండాలు,

సమ్మవ్వ అత్తకు కూడా నా దండం చెప్పు. ఫోన్ ఉండగా ఈ కాగితమేమిటని నవ్వుతావని తెలుసు. నేను ఫోన్ ఎత్తితే గదిలో ఎనిమిది మందీ నిద్ర నటిస్తూ చెవులు నావైపే పెడతారు. అక్కడ నీ ఫోన్ అత్త చేతిలో ఉంటుంది, ఆమె స్పీకర్ పెట్టిందంటే వాడకట్టంతా వింటుంది. నేను చెప్పాల్సింది ఈ గదిలో వాళ్ల గురించే. అందుకే సెలవు మీద వస్తున్న గంగాధర్ సంచిలో ఇది పెట్టాను. ఖర్జూరాలు అత్తకు, ఉత్తరం నీకు.

నువ్వు ఫిబ్రవరిలో వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్లాక మన మెస్‌కు దిక్కు లేకుండా పోయింది. ముప్పై మంది దగ్గర తలా మూడు వందల దిర్హాములు తీసుకుని, బియ్యం, పప్పు, కూరగాయలు తెచ్చి, ఏ రోజు ఎవరు వండాలో చెప్పి, పద్నాలుగేళ్లు అందరి కడుపూ నువ్వే చూశావు. మేం తిని చేతులు కడుక్కున్నాం, అంతే. నువ్వు పోయిన నెలలో ఎవరికి తోచింది వాళ్లు తెచ్చారు. నాలుగు డబ్బాల నూనె వచ్చింది, ఉప్పు మాత్రం ఎవరూ తేలేదు.

చివరికి సెలవు రోజున అందరం కూర్చున్నాం. మెస్ పెద్దగా ఎవరిని పెట్టాలన్నది మాట. మన మెట్‌పల్లి దయాకర్, అదే పైపులు బిగించేవాడు, ఈ మధ్య కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు పనికి పేరిచ్చాడు. అక్కడ పోలీసు సర్టిఫికెట్ తెమ్మన్నారట, బ్యాంకులో బాకీ ఏమైనా ఉందా అని కూడా అడిగారట. ఆ ముచ్చట వాడి తలకెక్కింది. లేచి నిలబడ్డాడు.

"గేటు కాడ నిలబడేటోనికే కేసు ఉండొద్దు, అప్పు ఉండొద్దు అంటున్నరు. మన తిండి పైసలు పట్టుకునేటోనికి ఉండొచ్చా? అప్పున్నోని చేతుల పైసలు పెడితే ఆగుతయా?"

అందరూ అవునన్నారు. కేసు అన్న మాట వినగానే నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. కరోనా ఏడాది చెక్కు చెల్లక నేను జైల్లో ఉండి వచ్చిన సంగతి ఈ క్యాంపులో తెలియనిదెవరికి?

"సరే, అప్పు లేనోళ్లు చెయ్యి లేపుండ్రి" అన్నాడు దయాకర్.

ఒక్క చెయ్యి లేవలేదు మామా. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లేపమన్న దయాకర్ చెయ్యి కూడా కిందనే ఉంది. వెనక నుంచి ఎవరో "అప్పు లేకుంటె ఈ ఎండల మాకేం పని రా, ఊర్లె ఉండక!" అన్నారు. గదంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే ఒక చెయ్యి లేచింది. స్టోర్‌లో పనిచేసే సూరిబాబుది. మనలో కలిసి తినే ఒక్కగానొక్క అమలాపురం మనిషి.

"నాకు లేదండి. ఎవరి దగ్గరా రూపాయి పుచ్చుకోలేదండి. ఎవరికీ ఇవ్వలేదు కూడానండి."

అలా సూరిబాబు మెస్ పెద్ద అయ్యాడు. మంచివాడే, ఒకరి పైసా, ఫిల్సు ముట్టడు. కానీ పప్పుచారులో పప్పును వెతుక్కోవాలి. ఉల్లిగడ్డలు లెక్కపెట్టి చేతికిస్తాడు. సెలవు రోజున ముప్పై మందికి మూడు కోళ్లు తెచ్చాడు, ఎవరికి ముక్క పడిందో ఇప్పటికీ తేలలేదు. నెలాఖరున మురిసిపోతూ వచ్చి "మిగిల్చానండి" అని తలా నలభై దిర్హాములు వెనక్కిచ్చాడు. దయాకర్ ఆ నోట్లు పట్టుకుని నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాడు. ఆ డబ్బుతో అందరూ పోయి పాకిస్తానీ హోటల్లో కడుపునిండా తిని వచ్చారు.

ఇప్పుడు మళ్లీ ఎవరిని పెట్టాలని మాటలు నడుస్తున్నాయి. నీ మాట మీద అందరికీ గురి. ఎవరైతే బాగుంటుందో రాయి.

నీ అల్లుడు
ప్రమోద్


తుమ్మలపేట, జగిత్యాల జిల్లా
9 మే 2024

మేనల్లుడు ప్రమోద్‌కు ఆశన్న దీవెనలు,

గంగాధర్ ఖర్జూరాలు నా చేతికి, ఉత్తరం మీ అత్త చేతికి ఇచ్చాడు. ఆమెకు చదువు రాదు కాబట్టి బతికిపోయాం.

నా సంగతి అడగలేదు గానీ చెప్తాను. ముప్పై మందికి కొన్న చెయ్యి ఇద్దరికి కొనడం నేర్వలేదు. మొన్న సంతకు పంపితే ఇరవై కిలోల ఉల్లిగడ్డ తెచ్చాను. మీ అత్త బస్తా చూసి "ఎవలింట్ల పెండ్లి ఉన్నది?" అని అడిగింది. తర్వాత రెండు రోజులు ఇంటింటికీ తిరిగి పంచింది. ఇప్పుడు నన్ను సంతకు పంపడం మానేసి పసుపు చేనుకు పంపుతోంది. ఇక్కడ యజమాని కఫీల్ ఆమె, నేను లేబర్.

సూరిబాబు ముచ్చటకు నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. అప్పు లేనివాడే అధిక సంపన్నుడు అని సామెత ఉంది. సంపన్నుడన్నారు గానీ, పది మందికి అన్నం పెట్టగలవాడన్నారా? ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడికి అప్పు ఎందుకుంటుంది? మన ఊళ్లో చూడు, ఎవరికి పడితే వాళ్లకు అప్పు పుట్టదు. నాలుగు ఇళ్లు ఆలోచించి, మనిషిని చూసి ఇస్తారు. అప్పున్నవాడంటే ఒకప్పుడు ఎవరో నమ్మినవాడన్నమాట. ఆ నమ్మకాన్ని తర్వాత ఏం చేశాడన్నది చూడాలి. దయాకర్ సగం ప్రశ్నే అడిగి కూర్చున్నాడు.

ఇక నీ సంగతికొస్తాను. నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు పప్పు గురించే రాశావు. దయాకర్ ఏమన్నాడో, సూరిబాబు ఏమన్నాడో రాశావు. "నేను చేస్తాను మామా" అన్న ఒక్క ముక్క ఎక్కడా లేదు. నేను పద్నాలుగేళ్లు మనుషులను వంట దగ్గర చూశాను. ఆకలి లేదని చెప్పేవాడి కళ్లు గిన్నె మీదే ఉంటాయి.

ఆ పని నీకు కావాలా, వద్దా? కావాలంటే ఎందుకు కావాలో పూర్తిగా రాయి. డొంకతిరుగుడు నాకు పనికిరాదు.

ఆశన్న

గంగాధర్‌తో మామిడికాయ తొక్కు పంపుతున్నాను. సూరిబాబు చేతికి మాత్రం ఇవ్వకు, ఏడాది నడుపుతాడు.


ముసఫ్ఫా
2 జూన్ 2024

ఆశన్న మామకు ప్రమోద్ దండాలు,

కావాలి మామా. బాగా కావాలి.

నీకు తెలిసిన సంగతే అయినా మొదటి నుంచీ రాస్తాను, రాస్తే నాకే తేటపడుతుంది. నాన్నకు కిడ్నీ ఆపరేషన్ అన్నప్పుడు బ్యాంకులో లోన్ తీసుకున్నాను. అప్పట్లో ఎలక్ట్రీషియన్‌గా మంచి జీతమే వచ్చేది. లోన్ ఇచ్చేటప్పుడు అంకె రాయకుండా సంతకం పెట్టిన చెక్కు ఒకటి తీసుకుని పెట్టుకున్నారు, అందరి దగ్గరా తీసుకునేవారు. నెలనెలా కట్టాను. కరోనాలో కంపెనీ మూతపడింది, జీతం ఆగింది, కంతులు ఆగాయి. బ్యాంకు వాళ్లు ఆ చెక్కు వేశారు, అది చెల్లలేదు. అప్పుడు అది క్రిమినల్ కేసు. నేను లోపల ఉండగానే ఊళ్లో నా పెళ్లాం కల్పనకు బిడ్డ పుట్టింది. బయటికి వచ్చాక ఈ కంపెనీ వాళ్లు తక్కువ జీతానికి తీసుకున్నారు. బ్యాంకుతో రాజీ చేసుకున్నాను, నెలకు ఐదు వందల దిర్హాములు కడుతున్నాను. ఇంకా పది వేలుంది. అది తీరేదాకా నేను ఈ దేశం దాటకుండా కోర్టు నిషేధం.

మా పాప నిఖితకు నాలుగో ఏడు నడుస్తోంది. నేనింకా దాన్ని ఎత్తుకోలేదు.

మెస్ పెద్దకు తిండి ఉచితం కదా. ఆ మూడు వందలు మిగిలితే బ్యాంకుకు నెలకు ఎనిమిది వందలు కట్టగలను. ఏడాదిలో తేలిపోతాను. లేకపోతే ఇరవై నెలలు పడుతుంది. అదీ సంగతి. నేను మెస్ బాగా నడుపుతాననీ నాకు తెలుసు. లోపల ఉన్నప్పుడు తిండి ఎలా ఉండాలని రోజంతా ఆలోచించిన మనిషిని నేను.

కానీ ఏ మొహంతో అడగను? నాకు కేసుంది, అప్పుంది. దయాకర్ పెట్టిన రూలు ఎవరి కోసం పెట్టాడో తెలియదు గానీ, కొలిచి కుట్టినట్టు నాకే సరిపోయింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను పొదుపుగా కొన్నా తిన్నాడనే అంటారు.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు వెళ్లే రోజు అందరూ నీ చుట్టూ చేరి "ఎవల్ని పెట్టాలె అన్నా" అని అడిగారు. నువ్వు నా వైపు చూశావు కూడా. అయినా నా పేరు చెప్పలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. అది నాకు గుచ్చుకుంది మామా, ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ప్రమోద్


తుమ్మలపేట
11 జులై 2024

అల్లుడా,

నీ పేరు కావాలనే చెప్పలేదు. నేను చెప్పి ఉంటే వాళ్లు నిన్ను నమ్మేవారు కాదు, నన్ను నమ్మేవారు. పని బాగా నడిస్తే ఆశన్న చెప్పాడు కాబట్టి అంటారు, ఒక రోజు పప్పు మాడితే ఆశన్న పరువు తీశాడంటారు. రెండింట్లో నీకేం మిగిలేది? నీ మీద ఉన్న మచ్చ నా భుజం చాటున దాస్తే పోదు. కోపమైతే ఇంకో రెండు రోజులు ఉంచుకో, నాకేం నష్టం లేదు.

దయాకర్‌ను తిట్టుకోకు. వాడు అడిగిందాంట్లో తప్పు లేదు. ఆకలితో ఉన్నవాడి ముందు అన్నం కుండ పెట్టి బయటికి పోవాలంటే ఎవడైనా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. నీకు డబ్బు అవసరం, చేతిలో పరాయి డబ్బు ఉంటుంది. భయం వాళ్లకు ఉండాల్సిందే. నువ్వు చేయాల్సింది ఆ భయం తీర్చడం.

ఇలా చెయ్యి. వచ్చే సెలవు రోజున నువ్వే లేచి నిలబడు. ఎవరూ అడగకముందే అప్పు ఎంతో చెప్పు, ఎవరికో చెప్పు, కేసు ఏమిటో చెప్పు. ఆ పని నీకెందుకు కావాలో, ఎన్ని దిర్హాములు మిగులుతాయో అది కూడా దాచకు. డబ్బు మొత్తం నా చేతికివ్వొద్దు, సూరిబాబు దగ్గర ఉంచండి, వారం వారం తీసుకుంటాను, రసీదులు ఆయనకే ఇస్తాను అను. ఆయనకు లెక్క చూడటమంటే పండగ, నీకు వంట చూడటమంటే పండగ. ఎవరి పండగ వాళ్లు చేసుకోండి.

మొన్న మీ ఊరు పోయి కల్పనను చూసి వచ్చాను. బాగుంది, బీడీలు చుడుతూ కూర్చుని ఉంది. నీ బిడ్డ నన్ను ఎగాదిగా చూసి నిలదీసింది. "నువ్వు దుబాయ్‌ల ఉంటివి గదా? మా నాయిన గూడ గాడనే ఉంటడు గదా? వచ్చేటప్పుడు తోలుకొస్తె అయిపోతుండె గదా!" అంది. పద్నాలుగేళ్లు ముప్పై మందికి జవాబు చెప్పినవాణ్ని, ఆ పిల్లకు చెప్పలేక జేబులో బెల్లం ముక్క తీసి ఇచ్చాను. అది తీసుకుని కూడా జవాబు కోసం నిలబడే ఉంది.

ఆశన్న


ముసఫ్ఫా
25 ఆగస్టు 2024

ఆశన్న మామకు,

ఇచ్చారు మామా! ఆ పని నాకే ఇచ్చారు.

నువ్వు చెప్పినట్టే లేచి నిలబడ్డాను. అంతా చెప్పాను. జైలు సంగతి చెప్పేటప్పుడు కొందరు తల దించుకున్నారు, నా కోసం వాళ్లు సిగ్గుపడ్డారు. నిఖిత సంగతి మాత్రం చెప్పలేదు. జాలితో ఇస్తే అది వేరే లెక్క అవుతుందని ఊరుకున్నాను.

నేను కూర్చోగానే దయాకర్ లేచాడు. వద్దంటాడనే అనుకున్నాను.

"ఇచ్చేద్దాం. వీడెక్కడికి పోతడు? పైసలు పట్టుకొని ఉరుకుదామన్నా ఎయిర్‌పోర్టుల ఆపుతరు. మనందరిల ఉరకలేనోడు వీడొక్కడే!"

ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. సూరిబాబు మాత్రం నవ్వకుండా, "వారానికెంతో ముందే అనేసుకుందామండీ, ఆనక మాటలొచ్చేత్తాయండి" అని కాగితం తీశాడు. ఆయనను తీసేసి నన్ను పెట్టారన్న కోపం ఇసుమంత లేదు. తిట్లు తప్పినందుకు సంతోషంగానే ఉన్నాడు.

మొదటి వారం పప్పులో గరిటె నిలబడేటట్టు వండించాను. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ దండిగా వేయించాను. సూరిబాబు కోసం ఒక పూట చేపల పులుసు పెట్టించాను, ఆయన రెండోసారి అన్నం పెట్టించుకుని "ఖర్చెక్కువైపోద్దేమోనండీ" అంటూనే మూడోసారి కూడా పెట్టించుకున్నాడు. బఖాలా కొట్టు మలయాళీతో బేరం కుదుర్చుకున్నాను, సాయంత్రం కొట్టు మూసే ముందు పోతే మిగిలిన కూరగాయలు సగం ధరకే ఇస్తున్నాడు. కట్టల కొద్దీ కొత్తిమీర ఊరికే వేస్తున్నాడు. నాకు సంతోషంగా ఉంది. పొద్దున లేస్తూనే ఈ రోజు ఏం వండించాలా అన్న ఆలోచన వస్తోంది, బ్యాంకు ఆలోచన తర్వాత వస్తోంది.

ఒక్కటే మనసులో ఉంది, నీకు తప్ప ఎవరికీ చెప్పను. వాళ్లు నన్ను నమ్మి ఇవ్వలేదు మామా. నిషేధాన్ని నమ్మి ఇచ్చారు.

ప్రమోద్


తుమ్మలపేట
14 అక్టోబరు 2024

అల్లుడా,

ఎందుకు ఇచ్చారన్నది వాళ్ల లెక్క. ఇచ్చినదాన్ని ఏం చేశావన్నది నీ లెక్క. వాళ్ల లెక్క నువ్వు చేయకు, నీకు అసలే లెక్కలు రావు.

పప్పులో గరిటె నిలబడిందన్న మాట మీ అత్తకు చదివి వినిపించాను. మన ఇంట్లో కూడా అట్లా వండితే బాగుండునని చివర్లో నేనే కలిపాను. ఆమె కనిపెట్టింది. రెండు రోజులు చారే.

బతుకమ్మకు కల్పన, పాప మా ఇంటికి వచ్చి వెళ్లారు. బాగున్నారు.

ఆశన్న


ముసఫ్ఫా
15 డిసెంబరు 2024

ఆశన్న మామకు,

ఈ పని నేను వదిలేద్దామనుకుంటున్నాను.

పోయిన వారం బ్యాంకు కంతు కట్టడానికి మనీ ఎక్స్‌చేంజ్‌కు పోయాను. నా వెనక వరసలోనే దయాకర్ ఉన్నాడని చూసుకోలేదు. నెలకు ఎనిమిది వందలు కడతానని అందరికీ చెప్పినవాణ్ని, ఆ రోజు పదమూడు వందలు కట్టాను. వాడు చూశాడు. అక్కడ ఏమీ అనలేదు. సాయంత్రం అందరూ తింటున్నప్పుడు కంచం ముందు కూర్చుని అడిగాడు.

"ఎనిమిది వందలంటివి. పదమూడు వందలు ఏడికెళ్లి వచ్చినయ్ రా ప్రమోదూ?"

తినే చేతులు ఆగిపోయాయి. నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోయేసరికి వాళ్ల మొహాలు మారడం నా కళ్లతో చూశాను. సూరిబాబు గబగబా పోయి రసీదుల కట్ట తెచ్చి అక్కడే అన్నీ కూడాడు. "ఒక్క ఫిల్సు తేడా లేదండీ. కావాలంటే మీరూ చూసుకోండి" అని దయాకర్ ముందు పెట్టాడు. దయాకర్ చూశాడు, తల ఊపాడు, తిన్నాడు. ఖలాస్. అందరూ మళ్లీ తినడం మొదలుపెట్టారు. నేను కంచం పక్కకు జరిపి లేచాను.

ఆ ఐదు వందలు ఎక్కడివో నీకు చెప్తాను. అవి ఇంటికి పంపాల్సినవి. కల్పన ఫోన్ చేసి, "ఈ నెల మాకు పంపకు. బీడీల పైసలున్నయ్, చేన్ల కూలికి గూడ పోతున్న, మేం ఎల్లదీసుకుంటం. బ్యాంకుకే కట్టు" అంది. మొగుడు గల్ఫ్‌లో ఉండగా పెళ్లాం కూలి డబ్బుతో ఇల్లు నడుస్తోందని ముప్పై మంది ముందు ఎలా చెప్పను?

ఇన్ని నెలలు వాళ్ల కడుపు నిండా పెట్టాను. చివరికి దొంగను చూసినట్టు చూశారు. ఇంత చాకిరీ చేసి ఇదెందుకు మామా? మూడు వందలు నేనే కట్టి, పెట్టింది తిని పడుకుంటాను. ఇంకొన్ని నెలలు ఆలస్యమైతే కానీయ్.

ప్రమోద్


తుమ్మలపేట
6 జనవరి 2025

ప్రమోద్,

వదలకు. వదిలితే తప్పు ఒప్పుకున్నట్టే. ఆ ముప్పై మంది జీవితాంతం అదే చెప్పుకుంటారు.

అడిగితే అవమానమని ఎవరు చెప్పారు నీకు? నన్ను పద్నాలుగేళ్లలో ఒక్కడూ లెక్క అడగలేదు. అది నా గొప్పతనం అనుకునేవాణ్ని. ఇప్పుడు పసుపు చేనులో ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తే, అది వాళ్ల బద్ధకమని అర్థమవుతోంది. వాళ్ల అదృష్టం కొద్దీ నేను డబ్బు తినలేదు. తిని ఉంటే వాళ్లకెట్లా తెలిసేది? నిన్ను అడిగారు, సూరిబాబు చూపించాడు, సరిపోయింది. నన్ను చూడకుండా నమ్మారు, నిన్ను లెక్క చూసి నమ్మారు. నీదే గట్టి నమ్మకం.

ఇక నువ్వు చేసిన తప్పు ఒకటుంది. దాచావు. కల్పన కష్టం చేసి అప్పు తీరుస్తుంటే అది నీకు సిగ్గా? సిగ్గుపడాల్సిన పనులు లోకంలో చాలా ఉన్నాయి, ఇది వాటిలో లేదు. పోయి అందరి ముందూ చెప్పు.

ఇదంతా చదివి వినిపిస్తే మీ అత్త ఒక మాట రాయమంటోంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను. "పెండ్లాం కూలికి పోతె మొగని పరువు పోతదా? ఆయె, ఇన్నేండ్లు ఈయన గాడ బువ్వ పెట్టుకుంట కూసుంటె, ఈడ చేను ఎవలు దున్నిండ్రు? నేను గాదా? గా ముచ్చట ఈయన ఎవలికన్న చెప్పిండా?"

చెప్పలేదు. ఇప్పుడు నీకు చెప్తున్నాను. నువ్వు కూడా చెప్పు.

ఆశన్న


ముసఫ్ఫా
6 ఆగస్టు 2025

ఆశన్న మామకు, సమ్మవ్వ అత్తకు ప్రమోద్ దండాలు,

ఇన్ని నెలలు ఉత్తరం రాయకుండా ఫోన్‌లో బాగున్నావా అంటే బాగున్నాను అని ఊరుకున్నాను. తిట్టుకుని ఉంటావు. కంతులు తీరే ముందు మాట్లాడితే దిష్టి తగులుతుందని భయమేసింది.

తీరింది మామా. జులైలో చివరి కంతు కట్టాను. బాకీ లేదని బ్యాంకు కాగితం ఇచ్చింది, దాన్ని కోర్టులో ఇచ్చాను. నిషేధం ఎత్తేశారు. రెండు నెలల సెలవు అడిగితే మా కంపెనీ ముదీర్, అదే మేనేజర్, మొదట మొహం చిట్లించాడు, ఐదేళ్ల సంగతి చెప్తే సంతకం పెట్టాడు. వచ్చే శుక్రవారం పొద్దున హైదరాబాద్‌లో దిగుతాను. కల్పనకు చెప్పాను. అంతలోనే నిఖిత ఫోన్ లాక్కుని "అమ్మ ఏడుస్తున్నది, నువ్వేమన్నవ్?" అని నా మీద పోట్లాటకు వచ్చింది.

నేనే వస్తుండగా ఉత్తరమెందుకంటావేమో. ఇప్పుడు రాయబోయేది ఎదురుగా కూర్చుని చెప్పలేను. అందుకే రేపు బయల్దేరే గంగాధర్ చేతికి ఇస్తున్నాను. ఈసారి నీకే ఇమ్మని రెండుసార్లు చెప్పాను.

జనవరిలో నువ్వు తిట్టాక కల్పన సంగతి అందరికీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నిర్మల్ నుంచి వచ్చిన పెద్దాయన "మా ఇంట్ల గూడ గంతే" అన్నాడు. దయాకర్ ఆ వారం తన వంతు కాకున్నా వచ్చి బియ్యం బస్తా ఎత్తించాడు.

వేసవిలో వాడికి గార్డు పని దొరికింది. ఇంటర్వ్యూలో అడిగినప్పుడు, బ్యాంకు లోన్ ఉంది సార్, కడుతున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పాడట. కట్టిన కాగితాలు చూసి సరేనన్నారట. వాడితో పాటు పోయిన ఇంకొకతను అప్పే లేదన్నాడు, ఉందని తేలింది, వెనక్కి పంపారు. అది నాకు చెప్తూ దయాకర్ నెత్తి గోక్కున్నాడు. "నేను పెట్టిన రూలుకు నేనే నిలవకపోతుంటి రా" అన్నాడు. ఇప్పుడు యూనిఫాం వేసుకుని గేటు దగ్గర నిలబడుతున్నాడు, తిండి మాత్రం మన మెస్‌లోనే.

నిన్న జీతాల రోజు. నేను పోతున్నాను కాబట్టి ఈ నెల డబ్బు సూరిబాబుకే ఇస్తారనుకున్నాను. ఎప్పుడూ ఆయన దగ్గరే కదా ఉండేది, వారం వారం నేను తీసుకునేవాణ్ని. నా పెట్టె సర్దుకుంటూ మంచం మీద కూర్చున్నాను. పక్కనే పాస్‌పోర్టు, టికెట్టు. మొదట వచ్చింది దయాకర్. డ్యూటీ దిగి యూనిఫాం మీదనే వచ్చి, మూడు వందలు నా చేతిలో పెట్టాడు.

"సూరిబాబుకు ఇయ్యి, నేను పోతున్న గదా" అన్నాను.

"పోతున్నవని ఎరుకే" అన్నాడు. "నువ్వొచ్చేదాక మేం తినాలె గద. ఏం తేవాల్నో నీకే ఎరుక. మొత్తం సరుకు తెచ్చిపెట్టిపో."

వాడి వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఎవరూ ఏమీ అనుకోకుండానే వచ్చినట్టున్నారు, ఒక్కొక్కరుగా వచ్చి నా చేతిలోనే పెట్టి పోయారు. చివరికి సూరిబాబు వచ్చాడు. ఆయన కూడా తన మూడు వందలు నాకే ఇచ్చాడు. నోట్లన్నీ ఆయన ముందుకు తోసి, లెక్కపెట్టి నీ దగ్గర ఉంచుకో అన్నాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దండీ. మీ దగ్గరే ఉండనీయండి. లెక్క నేనేం చూడనండి ఈసారి."

లెక్క చూడని సూరిబాబును నేను ఇంతవరకు చూడలేదు మామా. దాదాపు తొమ్మిది వేల దిర్హాములు. ఇప్పుడు నన్ను ఆపే కాగితం ఏ ఎయిర్‌పోర్టులోనూ లేదు. అది వాళ్లకు తెలుసు, మిఠాయి పంచి నేనే చెప్పాను. చేతులు కడుక్కునే నెపంతో బయటికి పోయి నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. జైల్లో కూడా అంత ఏడవలేదు.

ఈ పొద్దున మలయాళీ దగ్గర రెండు నెలలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె, చింతపండు, కారం అన్నీ మాట్లాడాను. ఉప్పు మరిచిపోలేదు. కూరగాయలకు, కోళ్లకు మిగతా డబ్బు విడిగా కట్టి పెట్టాను.

ఇక ఉంటాను. లారీ వచ్చినట్టుంది, బస్తాలు దింపడానికి దయాకర్ కింది నుంచి అరుస్తున్నాడు.

నీ అల్లుడు
ప్రమోద్